అభయమిచ్చే వాకిలి

మన సంఘం తొలి ఉగాది జరిగింది ఒక చర్చి నేలమాళిగలో. ముప్పై ఏళ్ల కిందటి మాట. అప్పటికి నలభై కుటుంబాలం. సొంత హాలు లేదు, అద్దెకు తీసుకునే స్తోమత లేదు. అడిగిన వారానికే ఆ చర్చివాళ్లు తాళంచెవి చేతిలో పెట్టారు. వేపపువ్వు ఎవరో ఇంటి నుంచి ఎండబెట్టి తెచ్చుకున్నది. మామిడికాయ దొరక్క పుల్లటి ఆపిల్ తరిగి వేశాం. హడావుడిలో పులిహోర పళ్లెం జారి తివాచీ మీద పడింది. ఎంత తుడిచినా పసుపు పోలేదు. మరుసటి ఉగాదికి వెళ్తే మరక అలాగే ఉంది కానీ, తలుపు పక్కన కొత్తగా చెప్పుల బల్ల ఒకటి కనిపించింది. మన పెద్దవాళ్లు చెప్పులు బయట మెట్ల మీద విడిచి, చలికి వణుకుతూ లోపలికి రావడం ఆ చర్చి బాగోగులు చూసే పెద్దాయన గమనించారట.

మెట్లెక్కి పైకి వెళ్తే ప్రార్థన మందిరం. దాని తలుపు మీద ఇత్తడి రేకు, రేకు మీద ‘శాంక్చువరీ’ అన్న మాట. అప్పటిదాకా నాకది పక్షుల మాట. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులే గుర్తొచ్చాయి. గుడికీ పక్షులకూ ఒకే పేరేమిటని ఆ రోజే అనిపించింది.

లాటిన్‌లో ‘సాంక్టుస్’ అంటే పవిత్రం. మొదట ఈ మాటకు అర్థం మన గర్భగుడి లాంటిదే, దేవుడుండే చోటు. అక్కడ తలదాచుకున్న మనిషిని పట్టి లాక్కెళ్లకూడదన్న నియమం ఆ పవిత్రత వెంటే వచ్చింది. ఇంగ్లండులోని డర్హమ్ కెథీడ్రల్ తలుపుకు సింహపు ముఖం నోట కరుచుకున్న కంచు కడియం ఉంటుంది. ఇప్పుడున్నది నకలు, అసలుదాన్ని లోపల భద్రపరిచారు. నేరం మీద పడ్డవాడు పరుగెత్తుకొచ్చి ఆ కడియం మోగిస్తే 37 రోజులు రక్షణ దొరికేది. ఈలోగా రాజీ పడాలి, లేదా దేశం విడిచి వెళ్లిపోవాలి. ఏ అర్ధరాత్రి వచ్చినా తలుపు తీయడానికి ద్వారం పైన గదుల్లో మనుషులు పడుకునేవారు. నన్ను పట్టుకున్నది ఈ సంగతే. కడియం ఎంత పవిత్రమైనదైనా, లోపల లేచి వచ్చే మనిషి లేకపోతే అది ఉత్త కంచు. 1624లో పార్లమెంటు ఆ హక్కును రద్దు చేసింది. మాట మాత్రం బతికింది.

మనమున్న ఈ దేశంలో అది మళ్లీ గట్టిగా వినిపించింది 1982 మార్చి 24న. ఎల్ సాల్వడార్‌లో ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమేరోను కాల్చి చంపి ఆ రోజుకు సరిగ్గా రెండేళ్లు. అరిజోనాలోని టూసాన్‌లో సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి, పాస్టర్ జాన్ ఫైఫ్ ఆధ్వర్యంలో, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా నుంచి ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్లకు ఆశ్రయం ఇస్తున్నామని బాహాటంగా ప్రకటించింది. ఫైఫ్‌నూ ఆయనతో పనిచేసినవాళ్లనూ ప్రభుత్వం కోర్టుకు లాగింది. 1986లో ఎనిమిది మందిని దోషులుగా తేల్చారు, జైలుకు మాత్రం పంపలేదు.

ఇవాళ వార్తల్లో వినే ‘శాంక్చువరీ సిటీ’ వేరు. శాన్‌ఫ్రాన్సిస్కో 1989లో ఇలాంటి చట్టం చేసింది. వలస కాగితాల వ్యవహారంలో ఫెడరల్ ప్రభుత్వానికి స్థానిక యంత్రాంగం చేయి కలపదన్నంత వరకే దాని అర్థం. ఆ ఊళ్లో ఫెడరల్ అధికారులు అడుగుపెట్టరని కాదు. కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు ‘ఆ ఊళ్లో ఉంటే భయం లేదు కదండీ’ అని మన సంఘానికి ఫోన్ చేస్తున్నారు కాబట్టి ఇంత విడమరచి రాస్తున్నాను. బడి, ఆసుపత్రి, ప్రార్థన మందిరాల దగ్గర సాధారణంగా అరెస్టులు చేయకూడదని 2011 నుంచి ఉన్న మార్గదర్శకాన్నీ 2025 జనవరిలో ఎత్తేశారు. ఊరి పేరు చూసి ధైర్యపడకండి. వీసా విషయాల్లో లాయరును అడగండి.

మన భాషలో ఈ మాటకు దగ్గరగా ఉన్నది అభయం. అడవికి చేరిస్తే అభయారణ్యం. ఇంగ్లీషు మాట చోటును చెబుతుంది, మనది ఇవ్వడాన్ని చెబుతుంది. అభయం ఒకరు ఇవ్వాలి, ఒకరు పుచ్చుకోవాలి. విభీషణుడు వచ్చి ఆకాశంలో నిలబడ్డప్పుడు సుగ్రీవుడు వద్దన్నాడు. శత్రువు తమ్ముడు, గూఢచారి కావచ్చునన్నాడు. అతని భయం కొట్టిపారేయాల్సింది కాదు, తన సేన క్షేమం చూసుకుంటున్నాడు. రాముడు అందరి మాటా విన్నాడు. విని, శరణన్నవాడు రావణుడే అయినా అభయమిస్తానన్నాడు.

అనంతపురం వైపు వీరాపురంలో ఏటా పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని ఊరివాళ్లు వాటిని చూసుకుంటారు. ఇళ్ల మధ్య అన్ని కొంగలంటే నేలంతా రెట్టలు, చేపల నీచు. ఆ వాసనతో కాపురం చేయడమే అక్కడ అభయమివ్వడం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన సొంత భవనం పూర్తయి రెండేళ్లయింది. బర్మా నుంచి శరణార్థులుగా వచ్చిన కరెన్ కుటుంబాలు పాతిక దాకా మన ఊళ్లో ఉన్నాయి. ఆదివారం ఉదయం ప్రార్థనకు మన హాలు వాడుకోనిస్తారా అని అడుగుతూ ఉత్తరం రాశారు. కార్యవర్గంలో అభ్యంతరాలు వచ్చాయి. వంటగదిలో మాంసం వండుతారేమో, బీమా ఎవరు కడతారు, పిల్లల తెలుగు బడి వేళకు పార్కింగు చాలుతుందా, కొత్త తివాచీ ఏమవుతుంది. వీటిలో ఒక్కటీ తేలిగ్గా తీసేయాల్సింది కాదు. వంటగదికి తాళం వేసి హాలు వరకే ఇవ్వొచ్చు. బీమా సంగతి కంపెనీని అడిగితే తేలుతుంది. తెలుగు బడి పదకొండింటికి, వాళ్ల ప్రార్థన తొమ్మిదింటికి. తివాచీ గురించి మాట్లాడే హక్కు మాత్రం మనకు లేదు.

వచ్చే నెల రెండో శనివారం సర్వసభ్య సమావేశంలో దీని మీద ఓటింగు ఉంది. నా ఓటు ఇవ్వడానికే. పాత సభ్యులు తప్పకుండా రండి. ఆ చర్చి మెట్లు దిగి వచ్చినవాళ్లు ఇంకా పదిహేను ఇరవై మంది మన మధ్య ఉన్నారు. ఆ పెద్దాయన వేసిన చెప్పుల బల్ల సంగతి కొత్తవాళ్లకు మీరే చెప్పాలి.

– సంపాదకుడు