ఉప్పులో మందు కలపొద్దు

డాక్టరు మొహం చూడని గూడెంలోనూ ఉప్పు జాడీ ఉంటుంది. అయోడిన్ కలిపినట్టే మలేరియా మందునూ ఉప్పులో కలిపేస్తే పోలేదా? 1950లలో బ్రెజిల్ వైద్యుడు మారియో పినోట్టికి తట్టిన ఆలోచన ఇదే. గోడలు సరిగా లేని అమెజాన్ గుడిసెల్లో డీడీటీ చల్లి లాభం లేదని ఆయన ఉప్పులో క్లోరోక్విన్ కలిపించారు. ఆయన ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. ఆ దారి మాత్రం మళ్లీ తొక్కరానిది.

కూరలో పడిన మందును ఎవరు ఎంత తిన్నారో కొలిచేదెవరు? చెమటోడ్చి వచ్చిన కూలీ ఉప్పు గంజి చెంబెడు తాగుతాడు. అదే ఇంట్లో రెండేళ్ల పిల్ల నాలుగు ముద్దలు తిని లేచిపోతుంది. చంటిబిడ్డకు ఆ ఉప్పే అందదు. మలేరియా ఎక్కువగా బలిగొనేది ఐదేళ్లలోపు పసివాళ్లనే. పైగా క్లోరోక్విన్ నీళ్లలో కరిగే మందు. ముసురు పట్టి ఉప్పు చెమర్చిందంటే ఆ నీటితోపాటే మందూ జాడీ అడుగుకు జారుతుంది.

అరకొర మందుకు క్రిమి చావదు, రాటుదేలుతుంది. బ్రిటిష్ గయానాలో 1961లో ఉప్పు పథకం మొదలైతే తొలుత జ్వరాలు బాగా తగ్గాయి. ఆ తర్వాత క్లోరోక్విన్‌కు లొంగని మలేరియా బయటపడింది. కంబోడియాలోని పైలిన్‌లో, రత్నాల గనుల దగ్గర, పైరిమెథమిన్ అనే మలేరియా మందు కలిపిన ఉప్పు పంచినప్పుడూ అదే జరిగింది. ఆ ప్రాంతంలో పుట్టిన మొండి మలేరియా ఆఫ్రికా దాకా పాకింది. నేరమంతా ఉప్పుదే అనడం లేదు, అందులో దానికీ వాటా ఉంది.

బోదకాలుకు డీఈసీ మందు కలిపిన ఉప్పు చైనాలో, మన కారైకాల్‌లో మేలు చేసింది కదా అంటారు. ఆ పోలిక అతకదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుది నిదానపు పెరుగుదల. మలేరియా తెచ్చే ఫాల్సిపారం క్రిమి రెండ్రోజులకోసారి రక్తంలో సుమారు పదింతలవుతుంది.

మన్యంలో కావలసింది వేరు. జ్వరం తగిలిన రోజే వేలు గుచ్చి చూసే కిట్టు ఆశా కార్యకర్త సంచీలో ఉండాలి. వానలకు ముందే దోమతెరలు చేరాలి. వైవాక్స్ మలేరియాకు 14 రోజులు ప్రైమాక్విన్ వాడాలి. మూడో రోజుకు ఒళ్లు చల్లబడగానే మిగతా మాత్రలు చూరులో దోపేస్తారు. ఆ పదకొండు రోజులూ కొండెక్కి వెళ్లి, ఎదురుగా నిలబడి మింగించే మనిషికి ప్రభుత్వం సరైన జీతం ఇవ్వాలి.