యంత్రాన్ని కాదు, మనిషిని చూసి కొనండి: మొదటి స్నో బ్లోవర్ గురించి ఒక వైద్యుని మాట



తెలుగునాట నివసించేవారికి ఈ శీర్షిక వింతగా తోచవచ్చు. మంచు కురవని చోట మంచు తీసే యంత్రం గొడవ మనకెందుకని మీరు అడగవచ్చు. కాని మన పిల్లలు మిచిగన్‌లో, మినసోటాలో, షికాగో పరిసరాలలో, టొరాంటోలో ఇళ్ళు కొనుక్కుని స్థిరపడ్డారు. ఆ ఇళ్ళలో చాలావాటికి వీధి నుంచి గరాజ్ దాకా విశాలమైన డ్రైవ్‌వేలున్నాయి. మనవలను చూడడానికి మనమూ వెళ్ళి అక్కడ నెలల తరబడి ఉంటున్నాము. తెల్లవారేసరికి ఆ దారి మంచుతో నిండిపోతే పార పట్టుకుని బయటికి వెళ్ళేది నలభై అయిదేళ్ళ కొడుకైనా కావచ్చు, ఊరికే కూర్చుని తినడం నామోషీ అనుకునే అరవై అయిదేళ్ళ తండ్రి అయినా కావచ్చు. కనుక ఇది మన గొడవే.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. మా అబ్బాయి డెట్రాయిట్ శివారులో ఇల్లు కొన్న మొదటి శీతకాలంలో స్నో బ్లోవర్ కొంటానంటే వద్దన్నది నేనే. "నాలుగు రోజులు కురిసే మంచుకు అంత ఖర్చెందుకు? పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునేవాడివి. పార పట్టు, ఒళ్ళు వంగుతుంది" అన్నాను. జీవితమంతా రోగులకు వ్యాయామం చెయ్యమని చెప్పిన నోటితోనే ఆ మాటా అన్నాను.

ఆ జనవరిలో ఒక ఉదయం అదే వీధిలోని మరో తెలుగువారింట్లో, కొడుకును చూడవచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడు మంచు ఎత్తుతూ మధ్యలో పార మీద ఆనుకుని నిలబడిపోయారు. దవడ లాగుతున్నదనీ, చలికి కాబోలనీ అన్నారు. అది చలి కాదు, గుండెపోటు. అంబులెన్సు వేళకు వచ్చింది కనుక బతికి బయటపడ్డారు. ఆయనకు రక్తపోటు, మధుమేహం ముందే ఉన్నాయి. పాత జబ్బులకు వర్తించదంటూ సందర్శకుల బీమా చేతులెత్తేసింది. ఆ ఆసుపత్రి బిల్లుతో ఆ వీధిలో ఇంటికొక యంత్రం కొనవచ్చు. ఆనాటి నుంచి "మంచు తీయడం ఉచితమైన వ్యాయామం" అని ఎవరన్నా నేను ఊరుకోవడం లేదు.

పార పని వ్యాయామం కాదు

1995లో అమెరికన్ వైద్య సంఘపు పత్రికలో ఒక చిన్న పరిశోధన వెలువడింది. అది జరిగింది ఆ డెట్రాయిట్ శివారులలోనే, రాయల్ ఓక్‌లోని ఆసుపత్రిలో. వ్యాయామం అలవాటు లేని, ఆరోగ్యవంతులైన పదిమంది పురుషుల చేత తడి మంచును పారతో ఎత్తించారు. వారి గుండె వేగం నిమిషానికి సుమారు 175కు చేరింది. పై రక్తపోటు 200కు దగ్గరపడింది. ట్రెడ్‌మిల్ మీద శక్తినంతా ధారపోసి పరుగెత్తినప్పటికన్నా ఆ రక్తపోటు ఎక్కువ. అదే మనుషులు అదే పనిని యంత్రంతో చేసినప్పుడు గుండె వేగం సగటున 124 దగ్గర ఆగింది.

ఎందుకింత తేడా? నడకలో కాళ్ళ పెద్ద కండరాలు లయబద్ధంగా కదులుతాయి, రక్తాన్ని గుండెకు తిరిగి పంపుతాయి. పార పనిలో భారమంతా చేతుల మీద పడుతుంది, కాళ్ళు కదలక నిలిచి ఉంటాయి. బరువెత్తే ప్రతిసారీ మనిషి తెలియకుండానే ఊపిరి బిగబడతాడు, దానితో రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. పైగా చలిగాలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. గుండెకు ఎక్కువ రక్తం కావలసిన క్షణంలోనే దానికి రక్తం చేర్చే నాళాలు ఇరుకవుతాయి. ఇదంతా జరిగేది నిద్ర లేచిన వెంటనే, అంటే గుండెపోట్లు ఎక్కువగా వచ్చే ఉదయపు వేళలో.

అమెరికాలో 1990 నుంచి 2006 వరకు జరిగిన సంఘటనలను లెక్కించిన పరిశోధకులు, మంచు పార వల్ల ఏటా సగటున 11,500 మంది అత్యవసర విభాగాలకు వస్తున్నారనీ, ఏటా సుమారు 100 మంది మరణిస్తున్నారనీ తేల్చారు. ఆ మరణాలన్నీ గుండెకు సంబంధించినవే. కెనడాలోని క్విబెక్‌లో 1981 నుంచి 2014 వరకు ఆసుపత్రుల రికార్డులను పరిశీలించినప్పుడు, 20 సెంటీమీటర్ల మంచు కురిసిన మర్నాడు పురుషులలో గుండెపోటు మరణాల అవకాశం 34 శాతం పెరిగినట్లు కనిపించింది.

దీనికి మన జాతి బలహీనతను జోడించండి. యాభైకి పైగా దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53వ ఏట వస్తే, ఇతరులకు సుమారు 59వ ఏట వచ్చింది. పొరుగున ఉన్న తెల్లవాడు అరవయ్యేళ్ళ వయసులో పార పట్టుకుంటున్నాడు కదా అని మనం పట్టుకోవడం తెలివైన పని కాదు.

ఒక చిన్న లెక్క

అరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు గల డ్రైవ్‌వే తీసుకోండి. దాని మీద ఆరు అంగుళాల మంచు పడితే 600 ఘనపుటడుగులు. పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీరవుతుందని స్థూలమైన లెక్క. ఆ ప్రకారం మీరు ఎత్తవలసిన బరువు సుమారు 1,700 కిలోలు. యాభై కిలోల బియ్యం బస్తాలు ముప్ఫై నాలుగు! ఉపాహారానికి ముందు ముప్ఫై నాలుగు బస్తాల బియ్యం పారతో ఎత్తిపోయమని మీ కన్నతండ్రికి మీరు చెబుతారా? తడి మంచైతే ఈ బరువు ఇంకా పెరుగుతుంది.

అందుచేత పెద్ద డ్రైవ్‌వే ఉన్న ఇంటికి స్నో బ్లోవర్ విలాసం కాదు. దాన్ని ఇంట్లోని రక్తపోటు యంత్రం పక్కన లెక్కించవలసిన వస్తువుగా నేను భావిస్తున్నాను. అయితే దుకాణంలో మనవాళ్ళు అడిగే ప్రశ్నలు వింటే విచారం కలుగుతుంది. ఎన్ని హార్స్‌పవర్? ఎంత దూరం చిమ్ముతుంది? పక్కింటివాడి దానికన్నా పెద్దదేనా? అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: మన ఇంట్లో దీన్ని పట్టుకోబోయేవారిలో అందరికన్నా బలహీనులు ఎవరు?

ఆ ప్రశ్నకు జవాబుగా ఎంపిక

ఒక అంచె యంత్రాలు, రెండంచెల యంత్రాలు అని ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒక అంచె యంత్రంలో తిరిగే రబ్బరు తెడ్లే మంచును లాగి, అవే బయటికి విసురుతాయి. తేలికైనది, చవకైనది. చిన్న సిమెంటు దారి మీద ఆరేడు అంగుళాల మెత్తని మంచుకు చక్కగా సరిపోతుంది. కాని దాని చక్రాలను ఇంజిను తిప్పదు. లోతైన మంచులో మనిషే నెట్టాలి. రెండంచెల యంత్రంలో ముందున్న ఇనుప మర మంచును నలగగొట్టి లోపలికి లాగుతుంది, వెనకనున్న పంకా దాన్ని గొట్టం గుండా దూరంగా విసురుతుంది. చక్రాలను ఇంజినే నడుపుతుంది. మీరు వెంట నడవాలి, అంతే. మరను నేల నుంచి కాస్త ఎత్తుగా అమర్చుకోవచ్చు కనుక కంకర దారికీ ఇదే తగినది.

మీ డ్రైవ్‌వే పెద్దదైతే రెండంచెల యంత్రమే కొనండి. దానికి అసలు కారణం విస్తీర్ణం ఒక్కటే కాదు. వీధిని శుభ్రం చేసే పురపాలక వాహనం మీ డ్రైవ్‌వే మొదట్లో ఒక గట్టు పోసి వెళుతుంది. ఉప్పు, బురద, మంచుగడ్డలు కలిసి బిగుసుకున్న ఆ గట్టు దారి మొత్తంలోకి బరువైనది. చవక యంత్రం దాని మీదికెక్కి తడబడుతుంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? అప్పటికే అలసిన ఒంటితో, ఆఫీసుకు ఆలస్యమవుతున్నదన్న ఆందోళనతో పార తీస్తాడు. డబ్బు ఆదా చేసి కొన్న యంత్రం మనిషిని సరిగ్గా ప్రమాదం ఉన్న చోటికే తెచ్చి వదిలిపెడుతుందన్నమాట.

అలాగని అన్నిటికన్నా పెద్దది కొనకండి. ఇరవై అడుగుల దారిని 24 అంగుళాల యంత్రం పది వరుసలలో, 30 అంగుళాల యంత్రం ఎనిమిది వరుసలలో ముగిస్తుంది. మిగిలేది రెండు వరుసల నడక. దానికోసం వంద కిలోలు దాటే ఇనుమును జారుడు నేల మీద ప్రతి వరుస చివరా తిప్పాలి. తిప్పేది ఇంజిను కాదు, మీ నడుము. అందుచేత వెడల్పు పెంచుకునే డబ్బుతో, పిడి దగ్గర మీట నొక్కగానే తేలికగా మలుపు తిరిగే సౌకర్యం ఉన్న నమూనా కొనండి. దుకాణంలోనే దాన్ని పట్టుకుని, ముందుకూ వెనక్కూ తోసి, తిప్పి చూడండి. మీ భార్య చేత కూడా తిప్పించి చూడండి.

విద్యుత్తుతో స్టార్టయ్యే సౌకర్యం లేనిది ఎంత చవకైనా వద్దు. గడ్డకట్టే చలిలో తాడు పట్టుకుని ఊపిరి బిగించి పదిసార్లు లాగడమంటే పార పనిని మరో దారిన ఇంటికి తెచ్చుకోవడమే.

బ్యాటరీ యంత్రాలను నేను తక్కువ చేయను. పొగ లేదు, చప్పుడు తక్కువ, మీట నొక్కితే చాలు. కాని చలిలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది, తడి మంచు దాన్ని ఇంకా త్వరగా తాగేస్తుంది. సగం దారిలో అది ఆగిపోతే మిగిలిన సగానికి మళ్ళీ పారే దిక్కు. పెద్ద దారికి బ్యాటరీ యంత్రమే కావాలంటే రెండంచెలదే తీసుకుని, అదనపు బ్యాటరీలు కూడా కొని ఇంట్లో వెచ్చగా ఉంచండి. లేదా పెట్రోలు యంత్రమే తీసుకోండి.

యంత్రం తెచ్చే ప్రమాదాలు

యంత్రం కొనమని చెప్పి దాని కాటు గురించి చెప్పకపోతే నేను వైద్యుణ్ణి కాను. తడి మంచుకు గొట్టం పూడుకుపోతుంది. మనిషి ఇంజిను ఆపి, ఇక భయం లేదనుకుని చెయ్యి పెడతాడు. అయితే ఇంజిను ఆగినా లోపల బిగిసిన శక్తి మిగిలి ఉండవచ్చు. అడ్డు తొలగిన మరుక్షణం రెక్క గిర్రున కదిలి వేళ్ళు తెంచుతుంది. గొట్టంలో చెయ్యి ఎన్నడూ పెట్టకండి, చేతి తొడుగు ఉన్నా పెట్టకండి. ఇంజిను ఆపి, కదిలే భాగాలన్నీ నిలిచేదాకా ఆగి, యంత్రంతో ఇచ్చిన పుల్లతోనే మంచు తీయండి. ఆ పుల్ల లేని యంత్రాన్ని కొనవద్దు. పిడి వదలగానే మర ఆగే ఏర్పాటును తాడుతో కట్టి వమ్ము చేయవద్దు.

పెట్రోలు యంత్రాన్ని గరాజ్‌లో స్టార్ట్ చేసి వేడెక్కనివ్వడం మరో దురలవాటు. తలుపు తెరిచి ఉన్నా చేయరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణవాయువు కన్నా రెండువందల రెట్లకు పైగా బలంగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. చాలా ఇళ్ళలో గరాజ్‌కు ఆనుకునే పడకగదులున్నాయి. యంత్రాన్ని బయటికి తెచ్చిన తరువాతే స్టార్ట్ చేయండి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉన్నదో లేదో ఈరోజే చూడండి.

"అంత డబ్బా?" అనేవారికి

రెండంచెల కొత్త యంత్రం వెయ్యి డాలర్లకు పైబడుతుంది. నిజమే. అది భారమైతే రెండిళ్ళవారు కలిసి కొనండి, లేదా శీతకాలమంతటికీ మంచు తీసేవారిని కుదుర్చుకోండి. ఇందులో పరువు పోయేదేమీ లేదు. స్టెంటు పడినవారు, నడిస్తే ఆయాసం వచ్చేవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు యంత్రాన్ని కూడా పట్టుకోరాదు. 124 గుండె వేగం ఆరోగ్యవంతులది. జబ్బు గుండెకు అదీ ఎక్కువే. వారికి మంచు తీసే మనిషే మందు.

తల్లిదండ్రులను పిలిపించుకున్న పిల్లలకు ఒక మాట. "నాన్నగారూ, మీరు బయటికి రావద్దు" అని నోటితో చెబితే సరిపోదు. మా తరం ఆ మాట వినదు. మీరు ఆఫీసుకు వెళ్ళాక మెల్లగా తలుపు తీసుకుని పార పట్టుకుంటాము. పారను తాళం వేసి దాచండి. మంచు ఎత్తుతుండగా ఎవరికైనా ఛాతీలో బరువు, దవడలో లాగుడు, ఎడమ చేతిలో నొప్పి, చల్లని చెమట కనిపిస్తే గ్యాస్ అనీ, చలి అనీ కాలయాపన చేయకుండా 911కు ఫోన్ చేయండి.

మా అబ్బాయి ఆ ఫిబ్రవరిలోనే 24 అంగుళాల రెండంచెల యంత్రం కొన్నాడు. వద్దన్న నేనే దుకాణానికి వెంట వెళ్ళి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మా కోడలి చేత కూడా తిప్పించాను. మీరు కొనబోయే మొదటి యంత్రాన్ని కూడా అలాగే, ఇంట్లోని బలహీనమైన చేతులతో పరీక్షించి మరీ కొనండి.