పాత యంత్రము – క్రొత్త మూట



ఒక సోదరి మాకిట్లు వ్రాసినది. బడిపిల్లల మార్కులు కూడుటకై మేనల్లుడు పైథాను భాషలో వ్రాసి పంపిన ప్రోగ్రాము అతని క్రొత్త కంప్యూటరున చక్కగా నడచుచున్నదట; ఆమె యింటనున్న విండోసు 7 యంత్రమున తెఱచినంతనే యేదో డి.ఎల్.ఎల్. లేదని చెప్పి మూసికొనుచున్నదట. యంత్రము పాతబడినది, పాఱవేయుమని అందఱును చెప్పుచున్నారట. పాఱవేయుమనుట సులభము, మఱియొకటి కొనుట యెవరి సొమ్ముతో? మావారి పాఠశాలలోను ఇట్టివి రెండున్నవి.

పైఇన్‌స్టాలరనునది ప్రోగ్రామును, దానిని నడపు పైథానును, కావలసిన ఉపకరణములను ఒక్క మూటగా కట్టును. ఇది ప్రయాణమునకు కట్టుకొను సద్దిమూట వంటిది. అన్నము, ఊరగాయ మూటలోనే యుండును. నీరు మాత్రము దిగిన యింటి బావిది. ఆ బావియే ఆపరేటింగు సిస్టము. 2020లో వచ్చిన పైథాను 3.9 మొదలుకొని విండోసు 7పై నడువదు. ఆ బావిలో లేనిదానిని అది యడుగును. కావున మేనల్లుడు పైథాను 3.8తో మూటను మరల కట్టవలెను. 3.8 తరువాత భాషలో చేరిన ప్రయోగములున్నచో మార్చవలెను. చిన్న ప్రోగ్రామునకది పెద్ద శ్రమ కాదు. యంత్రము 32 బిట్లదైనచో మూటయు 32 బిట్ల పైథానుతోనే కట్టవలెను. విండోసు మూటను లైనక్సుపై కూర్చుండి కట్టుటకు వీలులేదు. ఆమె విండోసు 7నకు సర్వీసు ప్యాకు 1 చేరియుండుటయు అవసరము.

లైనక్సు వాడు సోదరీమణులకును ఇదే చిక్కు. అచ్చట బావి పేరు గ్లిబ్‌సి. ఉబుంటు 20.04లో నున్నది 2.31, 22.04లో నున్నది 2.35. క్రొత్త పండితునకు పాత పదములు తెలియును గాని పాతవానికి క్రొత్త పదము తెలియదు గదా! అందుచే పాతదానిపై కట్టిన మూట క్రొత్తదానిపై నడచును, తిరుగవేసిన నడువకపోవచ్చును. చేరవలసిన యిండ్లలో మిక్కిలి పాతది యేదో దానిపైననే కట్టుట మేలు.

ఒక్క మాట గట్టిగా చెప్పవలసియున్నది. విండోసు 7నకు సామాన్య రక్షణ సవరణలు 2020 జనవరి 14తో నిలిచిపోయినవి, పైథాను 3.8నకును 2024 అక్టోబరులో నిలిచినవి. మార్కులు కూడుటకు ఆ యంత్రము చాలును. ఇంటర్నెట్టు తీగ తీసివేసి వాడుకొనుడు. బ్యాంకు వ్యవహారములు దానిపై వలదు. మూటను పంపుటకు ముందు ఏ పొరుగింటి విండోసు 7 యంత్రమునందైన తెఱచి చూడుమని మేనల్లునకు వ్రాయుడు.