ప్రభుత్వ భవనములు - కళాపోషణము

ఇల్లు కట్టి, ముంగిట ముగ్గు పెట్టక పాలు పొంగించిన యిల్లాలు మన తెలుగునాట నుండదు. గడపకు పసుపు, గుమ్మమునకు మామిడాకుల తోరణము, అరుగునకు ఎఱ్ఱమట్టి పట్టెలు - ఇవి కప్పును మోయునవి కావు. గోడను నిలుపునవి కావు. అయినను ఇవి లేని యిల్లు కళకళలాడదు. వీనికై మన మెన్నడును వేఱొక నిధి కూడబెట్టలేదు. ఇంటి వ్యయములోనే యొక పిడికెడు ముందుగా తీసి యుంచితిమి. మన మింటియందు పాటించు నీ మర్యాదను, మన ధనముతో కట్టడములు కట్టించు ప్రభుత్వము పాటించుచున్నదా? కచేరీలు, బడులు, ఆసుపత్రులు, న్యాయస్థానములు - వీని గోడలకు చిత్రమును, వాకిళ్లకు శిల్పమును సమకూర్చుట ప్రభుత్వమునకు విధియా, విలాసమా? ఈ నెల మన ముచ్చట యిది.

ఈ ప్రశ్న నిప్పుడే యడుగవలసిన కారణ మున్నది. మా పటమటనుండి పడమరగా పోయి బారేజీ దాటినచో, కృష్ణ కావలిగట్టున అమరావతి రాజధాని పనులు కానవచ్చును. 2015 అక్టోబరు 22 న శంకుస్థాపన జరిగి, నడుమ కొన్నియేండ్లు నిలిచిపోయిన యీ పనులు 2025 మే 2 న మరల నారంభమైనవి. శాసనసభకును, ఉన్నతన్యాయస్థానమునకును, సచివాలయమునకును నూతన భవనములు సంకల్పింపబడినవి. వ్యయము వేలకోట్ల రూపాయలు. గోడ లేచినపిదప చిత్రకారుని పిలిచినచో అతనికి మిగులునది మేకు కొట్టి పటము తగిలించు చోటు మాత్రమే. ఱాతిబొమ్మకు గూడు కావలెనన్నను, గోడచిత్రమునకు తగిన వెలుతురు కావలెనన్నను, ఆ మాట పునాదినాడే అంచనాకాగితములలో నుండవలెను. వంట ముగిసినపిమ్మట పైన చల్లిన ఉప్పు ముక్కకు పట్టదు గదా!

అమరావతి యనిన మనకు ముందు తోచునది స్తూపము. ఆ స్తూపపు శిల్పములు ఏ యొక్క రాజుగారి బొక్కసమునుండియో పుట్టినవి కావు. అచటి శాసనములు చూడుడు. ఒక పలక నొక గృహపతి భార్య, ఒక స్తంభము నొక భిక్షుణి, మఱియొకదానిని వర్తకుని కుటుంబము సమర్పించినట్లున్నది. విధికుడను చర్మకారుడు, ఉపాధ్యాయుడగు నాగుని కుమారుడు, తన తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను గూడి పూర్ణఘటము చెక్కిన పలక నొసగెను. నాగార్జునకొండయందు మహాచైత్యపు పుణ్యము ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరిది. అది క్రీస్తుశకము మూడవ శతాబ్దము. జగ్గయ్యపేట స్తూపమునకు ఆయకస్తంభములు సమర్పించిన సిద్ధార్థుడు స్వయముగ శిల్పి. అతని పేరు, అతని తండ్రి పేరు, ఊరి పేరు ఱాతిపై నేటికిని నిలిచియున్నవి. ఇందు మూడు సంగతులు గమనింపదగును. ధనము పలువురిది, దాతలలో స్త్రీ లున్నారు, పనివాని పేరు మాసిపోలేదు.

ఆనాటి దానమునకు నేడు పన్ను వచ్చినది. సబ్బుబిళ్ల కొన్నను, చెప్పులజత కొన్నను మనము ప్రభుత్వమునకు కొంత చెల్లించియే యింటికి వచ్చుచున్నాము. కావున ప్రభుత్వభవనముపై జేయు వ్యయములో మన పాలు లేదనుకొనుట పొరపాటు. విధికుని తల్లి తన పలకయేదో యెఱుగును. మన రూపాయి యే గోడకు పోయినదో మన మడుగము. ఇదియే భేదము.

ఇతరదేశములవా రీ విషయమున నేమి చేసిరో కొంచెము చూతము. అమెరికా దేశమున 1929 తరువాత దారుణమైన ఆర్థికమాంద్యము వచ్చి, కూలివానితోపాటు చిత్రకారుడును పస్తు పడుకొనెను. అప్పుడు 1934 లో వారి కోశశాఖ యొక పద్ధతి నేర్పఱచినది. ప్రభుత్వభవనపు నిర్మాణవ్యయములో నూటికి సుమా రొక పాలు చిత్రములకును శిల్పములకును తీసి యుంచవలెను. ఆ విధముగ పల్లెటూళ్ల తపాలా కచేరీలలోగూడ గోడచిత్రములు వెలసినవి. ఆ యూరి పంట, ఆ యూరి గని, ఆ యూరి రైలుబండి - ఇవియే చిత్రములకు వస్తువులు. ముద్ర కొట్టించుకొన వచ్చిన రైతు తన బ్రదుకును గోడపై చూచుకొనెను. పోటీలలో చిత్రకారుల పేళ్లు కప్పివేసి, చిత్తుచిత్రములను మాత్రమే పరీక్షకుల యెదుట నుంచెడివారు. అందువలన పేరు లేనివారికిని పని దొరకినది. వారిలో స్త్రీలును పలువురు కలరు. ఫ్రాన్సు దేశము 1951 లో ఇట్టి నూటికొకపాలు నియమమును దొరల కచేరీలతో గాక విద్యాలయ భవనములతో నారంభించినది. ఈ సంగతి తలచినపుడెల్ల, బడిపంతులుగారి యిల్లాలి మగుటచే గాబోలు, మాకు సంతోషము కలుగును.

మన దేశమున నిట్టి తలంపు రాలేదా? వచ్చినది. స్వరాజ్యము వచ్చిన క్రొత్తలోనే ప్రధాని జవాహరులాల్ నెహ్రూగారు, పెద్దపెద్ద ప్రభుత్వకట్టడములు లేచునపుడు మన చిత్రకారులకును శిల్పులకును అందు పని కల్పింపవలెననియు, కట్టడపు మొత్తముతో పోల్చిచూచిన ఆ వ్యయము మిక్కిలి స్వల్ప మనియు సూచించిరి. దాని ఫలమే ఢిల్లీయందలి రిజర్వుబ్యాంకు ముంగిట నిలిచిన యక్షయక్షిణీ విగ్రహములు. శాంతినికేతనపు శిల్పాచార్యుడు రామ్ కింకర్ బైజ్ వానిని నిర్మించెను. యక్షుని చేత ధనపుసంచి, యంత్రపు పండ్లచక్రము; యక్షిణి పాడిపంటల సిరికి గుర్తు. 1950 ప్రాంతపు దశాబ్దమున తలపెట్టిన పని 1967 నాటికిగాని ముగియలేదు. యక్షిణి వస్త్రధారణ విషయమై రాజ్యసభలో నాక్షేపణయు వినవచ్చినది. ఆలస్యమైనను, ఆక్షేపణ కలిగినను, విగ్రహములు నిలిచినవి. నేడు ఆ త్రోవను పోవు గుమాస్తాగాని, కూలివాడుగాని దమ్మిడీ చెల్లింపక వానిని చూడవచ్చును.

ఇక మన యాంధ్రదేశపు సంగతి. ధన మీయలేదని మన ప్రభుత్వములపై నిందవేయుట న్యాయము కాదు. 1986 లో హైదరాబాదు హుస్సేనుసాగరపు గట్టుపై తెలుగు మహనీయుల విగ్రహములు వరుసగా నిలిపిరి. వారిలో రుద్రమదేవియు, మొల్లయు నున్నారు. 2016 కృష్ణాపుష్కరములకు విజయవాడ గోడలపై చిత్రములు వ్రాయించిరి. బిడ్డలను చేతబట్టుకొని తల్లులు నిలిచి చూచిరి. 2019 నవంబరు 14 న మొదలైన నాడు-నేడు పథకమున, మొదటి విడతలో 15,000 లకు పైబడిన బడులకు మరుగుదొడ్లు, త్రాగునీరు, బల్లలు, దీపములతోపాటు రంగులు వేయించుటయు నొక యంశముగ జేర్చిరి.

ఐనను ఇందు లోప మెక్కడ నున్నది? ఇది యంతయు ఒక పండుగకో, ఒక పాలకుని యుత్సాహమునకో కట్టుబడి నడచినది, నియమమునకు గాదు. పుష్కరము పండ్రెండు దినములకు ముగియును; ఎండకు వానకు నోర్చి బయటిగోడపై రంగు ఎన్నాళ్లు నిలుచును? దానిని మరల దిద్దించుటకు రూపాయి యే పద్దులో నుండును? నియమము లేనిచోట మఱియొక విపరీతము గూడ కలుగును. గ్రామపంచాయతీ భవనములకు పాలకపక్షపు పతాకపు రంగులు పూసిరను వివాదము న్యాయస్థానమున కెక్కగా, 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానము వానిని తొలగింపు డని యాజ్ఞాపించినది. సర్వోన్నతన్యాయస్థానమును ఆ తీర్పునే నిలిపినది. పూయుట కొకమాఱు, తుడుచుట కొకమాఱు - రెండు వ్యయములును మనవే. ఏ పక్షమువారు చేసినను తప్పు తప్పే. రంగు కొనుటకు ధన మున్నది. చిత్రకారున కిచ్చుటకు మాత్రము లేదనుట యెట్లు పొసగును?

ఇట మాకు మావారితోనే వాదము వచ్చినది. "కప్పు కారు బడిలో గోడమీద నెమలి యెందుకు? ఉన్న రొక్కముతో నల్లబల్ల కొనరాదా?" యని వా రడిగిరి. ఈ మాటను త్రోసివేయుటకు వీలులేదు. కప్పు కారుచున్న బడికి ముందు కప్పే వేయవలెను. అందు మాకు సందేహము లేదు. మే మడుగునది బడి కప్పునుండి దోచి నెమలికి పెట్టుడని కాదు. క్రొత్తగ కట్టు కోటిరూపాయల భవనమునకు నూటికొకపా లనిన లక్షరూపాయలు. తొంబదితొమ్మిది పాళ్లు సిమెంటుకును, ఇనుమునకును, గుత్తేదారునకును పోవుచుండగా, మిగిలిన యొక్కపాలు చేతిపనివానికి పోయిన కప్పు కూలదు. మఱియు సంపన్నుల బిడ్డకు ఇంట పటములున్నవి. సెలవులలో ఊళ్లు తిరిగి చూచును. రెక్కాడిన గాని డొక్కాడని యింటి బిడ్డకు చిత్రశాల యేది? బడిగోడయే. ఆసుపత్రిలో ప్రసవమునకు వచ్చి బల్లపై గంటలకొలది కూర్చున్న చెల్లెలికి కన్ను నిలుపుకొను చోటేది? ఎదుటి గోడయే. అచ్చట నామెకు నేడు కనబడునది "నిశ్శబ్దము" అను పలకయు, మూలల తాంబూలపు మరకలును. మావారు కొంతసేపటికి, "బీదబడులకు ముందు కప్పు, పిదప చిత్రము, పెద్దకచేరీలకు మాత్రము రెండును కలసియే" యని రాజీకి వచ్చిరి. మే మందుల కొప్పుకొంటిమి.

పని యెవరి కీయవలె నన్నచో దూరము పోనక్కఱలేదు. మనకు కొండపల్లి కూతవేటు దూరము. తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మ చేసి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపి అతుకు పెట్టి, దశావతారములు మొదలు తాటిచెట్టు నెక్కు గీతవానివఱకు తీర్చు కుటుంబములు అచట నున్నవి. పెడనలో అచ్చులు చెక్కువారును, కలంకారీ యద్దువారును కలరు. వీరి పని సంతలో బొమ్మగను, దుప్పటిగను అమ్ముడుపోవుచున్నది. న్యాయస్థానపు పెద్దసావడిలో ఒక నిలువెత్తు కలంకారీ తెర యున్నచో ఆ పనికే గౌరవము హెచ్చదా? స్త్రీల కీ విద్య చాలదని యెవ్వరైన ననినచో, రాజమహేంద్రవరపు చిత్రకారుడు దామెర్ల రామారావుగారి యింటిని చూపుడు: ఆయన భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. చుక్కలు తప్పక ప్రతి యుదయమును నేలపై వ్రాయు మన చేతికి గోడ కొత్త కాదు.

ఇట్టి నియమమున కాఱు కట్టుబాట్లు వలయునని మా తలంపు. భాగ మెంతయో అంచనాలోనే వ్రాయవలెను. పేళ్లు కప్పిన పోటీవలన పని యీయవలెను. ఆ ప్రాంతపు పనివారికి కొంత భాగము నిశ్చయముగ చెందవలెను. అధికారములో నున్నవారి ముఖములుగాని, పక్షపు రంగులుగాని అందు చోటుచేసికొనరాదు. చిత్రముక్రింద చేసినవారి పేరుండవలెను. ఏటేట దానిని కాపాడుటకు కొంత రొక్కము ప్రత్యేకముగ నుండవలెను. ఈ కడపటిది చిన్నమాట కాదు. ఒకనాటి అమరావతి శిల్పములు కాపుదల లేక కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. 1845 లో ఎలియట్ త్రవ్వించినవానిలో పెక్కు 1859 లో లండను చేరినవి. నేడు వానిని చూడ గోరు తెలుగుబిడ్డ చెన్నపట్టణమునకో, సముద్రముదాటి బ్రిటిష్ మ్యూజియమునకో పోవలసియున్నది. చేయించుట సగము పని. నిలుపుకొనుట తక్కిన సగము.

సోదరీమణులారా! శాసనసభలో మాటాడు నవకాశము మన కందఱకును లేదు. కాని బడి కమిటీలో నున్నది. 2009 విద్యాహక్కుచట్టము ప్రకారము ప్రభుత్వబడుల నిర్వహణసంఘములో నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులే యుండవలెను. మొత్తము సభ్యులలో సగము స్త్రీలుండవలెను. ఆ సగములో మీ రున్నచో, సంతకము చేసి తలవంచుకొని రాకుడు. మీ యూరిలో క్రొత్త గది గాని, ఆసుపత్రి గాని, పంచాయతి భవనము గాని కట్టబూనినపుడు అంచనాకాగిత మడిగి చూడుడు. ఇసుక కెంత, ఇనుమున కెంత, కిటికీల కెంత యని చదివించుకొనుడు. చదువుట ముగిసినపిమ్మట నెమ్మదిగ నొక్కమాట యడుగుడు: "చిత్రమున కెంత?" మొదటిసారి నవ్వుదురు, రెండవసారి విసుగుదురు. మూడవసారి అడుగువారు పదిమంది యైనచో ఆ పద్దు కాగితముపై కెక్కును.