పౌరహక్కుల సంఘం ఎందుకు పుట్టింది? మన ఊళ్ళతో దాని ముడి ఏమిటి?

(మా విలేఖరి)

జగిత్యాల: ఊళ్ళో ఎవరినైనా ఠాణాకు తీసుకుపోయి రెండు రోజులైనా విడిచిపెట్టకపోతే, రచ్చకట్ట దగ్గర ఎవరో ఒకరు "పౌరహక్కులోళ్ళకు ఎరుక చేసిండ్రా?" అని అడగటం ఈ ప్రాంతంలో పాత అలవాటు. అడిగేవారిలో చాలామందికి ఆ సంఘం ఎప్పుడు పుట్టిందో, ఎవరు పెట్టారో, దాని కోరిక ఏమిటో తెలియదు. అది అన్నల సంఘమేనని కొందరు, వకీళ్ళ సంఘమని కొందరు, ఓట్లకు నిలబడే పార్టీ అని మరికొందరు అనుకుంటారు. పోలీసులకు పడని ఏ సంఘమైనా ఒకటేనన్న అభిప్రాయమూ ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల గడిచిన యాభై ఏళ్ళ చరిత్రలో ఈ సంఘం పేరు పదే పదే వస్తుంది కాబట్టి విషయాన్ని కొంచెం విప్పి చూడవలసి ఉన్నది.

మన దేశంలో పౌరహక్కుల సంఘం అన్న ఆలోచన కొత్తది కాదు. తెల్లవాళ్ళ కాలంలోనే, 1936లో, జవహర్‌లాల్ నెహ్రూ చొరవతో బొంబాయిలో ఇటువంటి సంఘం ఒకటి ఏర్పడింది. రవీంద్రనాథ్ ఠాగూరు గౌరవ అధ్యక్షులుగా, సరోజినీ నాయుడు అధ్యక్షురాలుగా ఉన్నారు. స్వాతంత్య్రం వచ్చాక ఇక దాని అవసరం ఏముందని ఆ సంఘాన్ని అందరూ మరిచిపోయారు. మన ప్రభుత్వమే వచ్చాక మన హక్కులకు వేరే కాపలా ఎందుకన్నది ఆనాటి తలంపు.

అవసరం మళ్ళీ కనిపించింది శ్రీకాకుళంలో. అక్కడి గిరిజన పోరాటాన్ని అణిచే రోజుల్లో పట్టుబడినవాళ్ళు ఎదురుకాల్పుల్లో చనిపోయారని పత్రికల్లో వరుసగా వార్తలు వచ్చాయి. చదువుకున్నవాళ్ళు, వకీళ్ళు, రచయితలు ఈ లెక్కలను నమ్మలేకపోయారు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం 1973-74 నాటికి ఏర్పడింది. మహాకవి శ్రీశ్రీ దాని మొదటి అధ్యక్షులు. సంఘం ఊపిరి తీసుకోకముందే 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చిపడింది. హక్కులు అడిగేవారిని జైళ్ళల్లో వేసిన కాలం అది. ఆ ఏడాది డిసెంబరు 1వ తేదీన ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. అంతకు ముందు జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో మరణించినట్లు పోలీసులు ప్రకటించారు.

ఎమర్జెన్సీ పోయిన తర్వాత 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి తార్కుండే నాయకత్వాన ఒక కమిటీ ఏర్పడి రాష్ట్రానికి వచ్చింది. గిరాయిపల్లి విషయాన్ని పరిశీలించి, అక్కడ ఎదురుకాల్పులేవీ జరగలేదనీ, ఆ యువకులను పట్టుకుని కాల్చారనీ తేల్చింది. ఆ తర్వాత ప్రభుత్వం భార్గవ కమిషన్‌ను వేసింది. విచారణ మొదట బహిరంగంగానే సాగింది. సాక్ష్యాలు ఒక్కొక్కటే బయటపడుతుండగా తలుపులు మూసి విచారించాలని ప్రభుత్వం పట్టుబట్టింది. దానితో ఆ పని అర్ధాంతరంగా ఆగింది. ఈ రెండింటిలోనూ ముందు నిలిచిన వకీలు కె.జి. కన్నబిరాన్. ఆయన 1978 నుండి 1994 వరకు పౌరహక్కుల సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. సంఘం నిజంగా నిలదొక్కుకున్నది అప్పటినుంచే అని చెప్పవచ్చు.

కాగా, సరిగ్గా ఆ 1978లోనే మన ప్రాంతం రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది.

జైత్రయాత్ర నుండి కల్లోలిత ప్రాంతం దాకా

అరవై దాటినవారికి చెప్పనక్కరలేదు. అప్పటికి వెట్టి చాకిరీని నిషేధించిన కేంద్ర చట్టం, 1976 నాటిది, కాగితం మీద ఉన్నది. ఊళ్ళో మాత్రం చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, గౌడ కులాలవాళ్ళు దొర గడీకి ఊరికే పనిచేసి, ఊరికే సరుకు ఇచ్చి రావలసిందే. అన్నదమ్ముల తగాదా అయినా, ఆలుమగల తగాదా అయినా పంచాయితీ దొరదే, దండుగ దొరకే. జీతగాడి కొడుకు జీతగాడే అయ్యేవాడు. సర్కారు బంజరు ఎవరి కింద ఉన్నదంటే పట్వారీ లెక్కలో ఒకటి, చెలక మీద ఒకటి.

దీనిమీద నిలబడింది రైతుకూలీ సంఘం. పట్నాల్లో చదువుకునే విద్యార్థులు సెలవుల్లో ఊళ్ళకు వచ్చి కూలీలను, చిన్న రైతులను కూడగట్టారు. కూలి పెంచాలని, వెట్టి మానాలని, కట్టించుకున్న దండుగలు తిరిగి ఇవ్వాలని, బంజరు భూములు వదలాలని అడిగారు. ఒప్పుకోని దొరలకు చాకలి, మంగలి, జీతగాడు ఎవరూ పనికి పోకుండా సాంఘిక బహిష్కరణ పెట్టారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల పట్టణంలో వేలాది మంది ఊరేగింపు తీశారు. జగిత్యాల జైత్రయాత్ర అని పేరు పడింది దానికే. పలువురు దొరలు ఊళ్ళు వదిలి పట్నాలకు చేరారు.

సుమారు ఆరు వారాలకే, 1978 అక్టోబరు 20న, మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇందుకు ఉపయోగించిన చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో చేసినది. దాని ప్రకారం ఎస్సై హోదాకు తగ్గని పోలీసు అధికారి ఎవరైనా, అవసరమని తనకు తోస్తే, హెచ్చరిక చేసి, ప్రాణం పోయేదాకా కూడా కాల్పులు జరపవచ్చు. తాలూకాలో ఒక ఊరు కల్లోలంగా ఉన్నా, పక్క ఊళ్ళో ఏమీ లేకపోయినా, ప్రకటన మొత్తం తాలూకాకు వర్తిస్తుంది. కోరుట్ల అప్పుడు మెట్‌పల్లి తాలూకా కిందికి వచ్చేది కనుక ఆ కాగితంలో దాని పేరు లేదు. అయినా బంధుత్వాలు, బీడీ కార్ఖానాలు, సంతలు తాలూకా హద్దు చూసి నడవవు గదా. ఇటు కేసులు పెడితే అటు దాక్కున్నారు, అటు వెతికారు.

పౌరహక్కుల సంఘం మన ఊళ్ళకు రావటం ఈ సందర్భంలోనే. ఇక్కడ ఒక తేడా గమనించాలి. రైతుకూలీ సంఘం భూమిని, కూలిని అడిగింది. పౌరహక్కుల సంఘం ఆ రెండూ అడగలేదు. అడిగేవారిని చట్టం ప్రకారమే చూడాలని మాత్రం అడిగింది. నేరం చేశాడనుకుంటే పట్టుకోండి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టండి, రుజువైతే శిక్ష వేయండి, ఠాణాలో కొట్టకండి, అడవికి తీసుకుపోయి కాల్చకండి అన్నదే దాని మాట. ఇది రాజ్యాంగం 21, 22 అధికరణాల్లో ఉన్న సంగతే. కొత్తగా కోరింది ఒక్క అక్షరం లేదు. ఉన్నదాన్ని అమలు చేయమంటే సర్కారుకు ఎందుకంత కోపం వచ్చిందన్నది ఆలోచించవలసిన విషయం.

పని తీరు కూడా చెప్పాలి. ఒక ఊళ్ళో కాల్పులో, లాకప్ మరణమో జరిగిందంటే నలుగురైదుగురు కలిసి నిజనిర్ధారణకు వస్తారు. అందులో ఒక వకీలు, ఒక లెక్చరరు, ఒక్కోసారి డాక్టరు ఉంటారు. చనిపోయినవాని ఇంటికి పోయి, చివరిసారి ఎవరు చూశారు, ఏ రోజున, ఎన్ని గంటలకు, ఏ బండిలో తీసుకుపోయారని అడుగుతారు. ఇరుగుపొరుగును అడుగుతారు. అదే రోజు ఠాణాకు పోయి ఎస్సైని కూడా అడుగుతారు. ఆయన చెబితే రాసుకుంటారు, చెప్పకపోతే చెప్పలేదని రాస్తారు. తర్వాత పత్రికలకు ప్రకటన, అవసరమైతే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్. మనిషిని మా ముందుకు తెచ్చి చూపండి అని కోర్టు చేత అడిగించటమే ఈ పిటిషన్. బండి రాని ఊళ్ళకు నడిచి పోయి రాసిన ఆ రిపోర్టులు లేకపోతే, ఆనాటి సంగతులు పోలీసు కాగితాల్లో ఉన్నంతవరకే మిగిలేవి.

ఈ పనికి పెద్ద పేరు తెచ్చినవారు కె. బాలగోపాల్. వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు. 1983లో ప్రధాన కార్యదర్శి అయి పద్నాలుగైదేళ్ళు ఆ బాధ్యతలో ఉన్నారు. కరీంనగర్ జిల్లా ఊళ్ళు ఆయనకు కొట్టినపిండి.

చెల్లించిన మూల్యం

1985లో జగిత్యాలలో సంఘం బాధ్యుడు గోపి రాజన్న హత్యకు గురయ్యారు. అదే ఏడాది సెప్టెంబరు 3న వరంగల్‌లో సంఘం రాష్ట్ర ఉపాధ్యక్షులు, పిల్లల డాక్టరు రామనాథం తన ఆసుపత్రిలోనే కాల్పులకు బలయ్యారు. నక్సలైట్లు చంపిన ఎస్సై యాదగిరిరెడ్డి శవయాత్ర ఆ దారిన సాగుతున్న వేళ అది జరిగింది. పోలీసులే ఈ పని చేశారని సంఘం ఆరోపించింది. 1986 నవంబరులో కరీంనగర్ జిల్లా బాధ్యుడు జాపా లక్ష్మారెడ్డి హత్య. తుపాకీ పట్టనివారు, దాక్కోనివారు, ఇంటి చిరునామా అందరికీ తెలిసినవారు ఈ ముగ్గురూ. ఎస్సై హత్యకు డాక్టరు బదులు చెప్పవలసి రావటం ఏ చట్టంలో ఉందో ఎవరూ చెప్పలేరు.

సంఘం మీద విమర్శలు లేకపోలేదు. పోలీసు కాల్చితే గట్టిగా మాట్లాడతారు, అన్నలు ఇన్‌ఫార్మర్ అని పేరుపెట్టి కూలివాణ్ణి చంపితే గొంతు తగ్గిస్తారు అన్నది ముఖ్యమైన విమర్శ. ఇది పోలీసులు మాత్రమే అన్న మాట కాదు. మన ఊళ్ళల్లో ఇన్‌ఫార్మర్ ముద్రతో ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళూ అన్నారు. సంఘం సమాధానం ఏమంటే: నేరం చేసినవాణ్ణి శిక్షించటానికి సర్కారు ఉంది, సర్కారే నేరం చేస్తే అడిగేవారు లేరు కనుక మా దృష్టి అటు ఉంటుంది అని. వాదనలో బలం ఉంది. అయితే తండ్రిని పోగొట్టుకున్న పిల్లకు ఈ వాదన ఎంతవరకు ఎక్కుతుంది?

ఈ ప్రశ్న సంఘం లోపలే పెద్ద చర్చ అయింది. ఉద్యమాలు చేసే హింసను కూడా అదే గట్టితనంతో ప్రశ్నించాలని, ఆడవారి మీద, దళితుల మీద ఇంటా బయటా జరిగే అన్యాయం కూడా హక్కుల సంగతేనని బాలగోపాల్, మరికొందరు అన్నారు. ఒప్పందం కుదరలేదు. 1998లో వారు బయటికి వచ్చి మానవ హక్కుల వేదిక పెట్టారు. బాలగోపాల్ 2009 అక్టోబరులో, కన్నబిరాన్ 2010 డిసెంబరులో మరణించారు. రెండు సంఘాలుగా చీలటం వల్ల బలం తగ్గిందనేవారు ఉన్నారు. ఈ విలేఖరి అభిప్రాయంలో మాత్రం ఆ చర్చ జరగటమే మేలైంది. చంపినవాడు ఎవరని అడిగాక గాని చావుకు విలువ కట్టని పద్ధతి ఊళ్ళల్లో ఎక్కువకాలం నిలవదు.

చేతికి వచ్చింది ఏమిటి?

అంత కష్టానికి ఫలితం ఏమిటని అడిగితే, కొన్ని కాగితాలు. అవి చిన్నవి కావు. బెంగాల్‌కు చెందిన న్యాయ సహాయ సంస్థ బాధ్యుడు డి.కె. బసు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో అరెస్టుకు నియమాలు పెట్టింది. మన పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదు మీదనే జాతీయ మానవ హక్కుల కమిషన్ ఎదురుకాల్పుల మరణాలను పరిశీలించి, వాటిని ఎలా విచారించాలో 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకు రాసింది. 2014లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు పోయి, ఎదురుకాల్పుల్లో మనిషి చనిపోతే కేసు నమోదు కావాలని, సిఐడి గాని వేరే ఠాణా పోలీసులు గాని దర్యాప్తు చేయాలని, మేజిస్ట్రేటు విచారణ జరగాలని చెప్పింది.

కాగితాలు ఉన్నంత మాత్రాన అమలవుతాయా అంటే, సిరిసిల్ల దగ్గరి నేరెళ్ళనే చూడవచ్చు. 2017 జులైలో తంగళ్ళపల్లి మండలంలో ఇసుక లారీ ఢీకొని ఒక మనిషి చనిపోయాడు. జనం కోపంతో లారీలను తగలబెట్టారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిన వాళ్ళను, అందులో దళితులు ఎక్కువ, తీవ్రంగా హింసించారన్న ఆరోపణ వచ్చింది. నిజనిర్ధారణ బృందాలు వచ్చాయి, ఒక ఎస్సై సస్పెండయ్యారు, విషయం హైకోర్టు దాకా పోయింది. ఇందులో అన్నలు లేరు, తుపాకులు లేవు. ఇసుక, లారీ, రోడ్డు, కూలి జనం. ఈ సంఘాల అవసరం నక్సలైట్లతోనే ముడిపడి ఉందనుకునేవారు ఈ సంఘటనను ఎక్కడ పెడతారో చెప్పాలి.

రాష్ట్రం 2014లో రెండైన తర్వాత తెలంగాణలో సంఘం వేరుగా పనిచేస్తున్నది. 2021 మార్చిలో మావోయిస్టులకు అనుబంధమంటూ ప్రభుత్వం పదహారు సంఘాలను ప్రజా భద్రతా చట్టం కింద నిషేధించగా, అందులో పౌరహక్కుల సంఘం పేరు కూడా ఉంది. కొన్ని నెలలకే ఆ ఉత్తర్వును ప్రభుత్వం వెనక్కు తీసుకున్నది.

ఇక డి.కె. బసు కేసులోని నియమాల్లో ఊరివారికి నేరుగా పనికివచ్చేది ఒకటున్నది. అరెస్టు చేసేటప్పుడు పోలీసులు ఒక మెమో రాయాలి, దానిమీద తేదీ, సమయం ఉండాలి. ఇంటివారు గాని, ఊళ్ళో గౌరవం గలవారు గాని ఒకరు సాక్షి సంతకం చేయాలి, పట్టుబడినవాడు కూడా చేయాలి. ఎక్కడ ఉంచారో దగ్గరివారికి తెలపాలి. ఒంటిమీద గాయాలుంటే అప్పుడే చూపి రాయించవచ్చు. కస్టడీలో ఉన్నంతకాలం నలభై ఎనిమిది గంటలకొకసారి డాక్టరు చూడాలి. ఇరవై నాలుగు గంటల లెక్క మొదలయ్యేది మనిషిని నిజంగా పట్టుకున్న సమయం నుంచి, ఆ సమయం మెమోలో సరిగ్గా ఉండాలి కాబట్టి, సాక్షి సంతకానికి పిలిచినప్పుడు సర్పంచులు, వార్డు సభ్యులు సమయం రాయవలసిన గడి ఖాళీగా ఉన్న కాగితం మీద వేలు పెట్టకూడదు.