గురివింద గింజ ఆటవస్తువు కాదు

గురివింద గింజ తన నలుపెరగదని సామెత చెప్పుకుంటాం గాని, దాని విషం సంగతి మనమూ ఎరగం. మైపాడు, కోడూరు వైపు కంచెల మీద, పొదల మీద అల్లుకునే తీగ ఇది. ఆకు చింతాకులా ఉంటుంది, పూలు లేత ఊదా గుత్తులు. కాయ ఎండి పగిలితే నల్ల మచ్చ ఉన్న ఎర్రటి గింజలు బయటపడతాయి. తెల్ల గింజల రకమూ ఉంది, అదీ విషమే.

"మా తాతలు వీటితో బంగారం తూచారు, ఏమవుతుంది?" అంటారు పెద్దవాళ్లు. తూచారు గాని తినలేదు గదా! పైపెంకు గట్టిది కాబట్టి గింజ అలాగే మింగితే చాలాసార్లు విరేచనంలో పోతుంది. నమిలినా, దండ కోసం బెజ్జం వేసిన గింజ మింగినా అబ్రిన్ అనే విషం ఒంట్లోకి దిగుతుంది. అందుకే మేము మొదట అడిగేది "నమిలాడా, మింగాడా?" అని. పిల్లల మెడలో ఈ పూసల దండలు వద్దే వద్దు. తీగలన్నీ పీకేయమనడం లేదు, పిల్లలకు చూపించి పేరు చెప్పండి.

వాంతులు, నెత్తురు విరేచనాలు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రెండు మూడు రోజులకు గాని మొదలుకావు. విరుగుడు మందు లేదు. తొందరగా తెస్తేనే మా చేతనైన వైద్యం పనికొస్తుంది. బిడ్డ బాగానే ఆడుకుంటున్నాడని ఆగవద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు. 108కి ఫోన్ చేసి, మిగిలిన గింజలు, కాయ కాగితంలో చుట్టి వెంట తీసుకురండి.