సంతకం లేని పిల్లవాడు వరండాలో కూర్చోవాలా?

పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పుడు కోలారు వైపు ఒక తెలుగు సంఘానికి కాపరిగా ఉన్నాను. మా సంఘం పిల్లలు ఎక్కువమంది చదివే బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళకు ఎదిగే వయసు గురించి, ఎయిడ్స్ గురించి మూడు రోజుల పాఠాలు పెట్టారు. ముందుగా ప్రతి పిల్లవాడి చేతికీ ఒక కాగితం ఇచ్చారు. ఈ పాఠాలకు మా బిడ్డ రావడం మాకు సమ్మతమే అని తల్లో తండ్రో సంతకం పెట్టి పంపాలి. సంతకం లేకపోతే క్లాసులోకి రానివ్వరు.

మా సంఘంలో ఒక పిల్లవాడు ఉండేవాడు. ఎనిమిదో తరగతి. తండ్రి లారీ డ్రైవరు. ఎయిడ్స్‌తో పోయాడు. రెండేళ్ళకు తల్లి కూడా అదే జబ్బుతో పోయింది. పదహారేళ్ళ అక్క చదువు మానేసి పనికి వెళ్ళేది. ఇంట్లో పెద్దదిక్కు అమ్మమ్మ. ఆమెకు తెలుగు బైబిలు కూడబలుక్కుని చదవడం వచ్చు, కన్నడం రాదు. కాగితం కన్నడంలో ఉంది. పక్కింటామె చదివి, "ఇది ఆ జబ్బు గురించి" అంది. అమ్మమ్మ ఆ కాగితాన్ని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేసింది. వాడు మూడు రోజులూ వరండాలో కూర్చున్నాడు.

ఆ బడిలో ఎయిడ్స్ గురించి తెలుసుకోవలసిన అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది ఎవరికి? వాడికే. సంతకం అడిగిన నియమం బయట కూర్చోబెట్టింది కూడా వాణ్ణే.

ఈ సంగతి చెప్పి ఊరుకుంటే నేను నిజాయితీపరుణ్ణి కాను. వాళ్ళమ్మ బతికున్న రోజుల్లో ఒక ఆదివారం నేను ప్రసంగంలో ఎయిడ్స్ దేవుని తీర్పు అని గట్టిగా చెప్పాను. వేదాంత కళాశాల నుంచి పట్టా పుచ్చుకుని వచ్చిన కొత్త. నోటికి వచ్చింది అన్నాను. ఆమె మూడో వరసలో కూర్చుని ఉంది. ఆ తర్వాత ఆరాధనకు రాలేదు. మళ్ళీ నేను ఆమెను చూసింది సమాధి కార్యక్రమంలో. భర్తకు తప్ప పరాయి మనిషికి తెలియని ఆ సహోదరి మీద నేను వేసిన రాయి అది. అందుకే ఈ విషయంలో నా మాట తీర్పరి మాట కాదు, అప్పున్నవాడి మాట.

అనుమతి అనే మంచి మాట

లైంగిక విద్య మాట ఎత్తగానే మన సంఘ పెద్దలు అనేది ఒక్కటే: "చెప్పండి, కానీ ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి." వినడానికి న్యాయంగానే ఉంటుంది. పిల్లలు దేవుడు ఇచ్చిన స్వాస్థ్యం, వాళ్ళను పెంచే బాధ్యత తల్లిదండ్రులది. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయం ఆ బాధ్యతను ఇంటికే అప్పగించింది. నేనూ ఇద్దరు పిల్లల తండ్రినే. నాకు చెప్పకుండా నా బిడ్డకు ఏదో నేర్పితే నేనూ బడికి వెళ్ళి అడుగుతాను.

అయితే చెప్పడం వేరు, సంతకం వచ్చేదాకా తలుపు మూయడం వేరు. ఈ రెండింటికీ తేడా గమనించకపోతే మనం తల్లిదండ్రుల హక్కు పేరుతో పిల్లల రక్షణను తాకట్టు పెట్టినవాళ్ళం అవుతాం.

మన దేశంలో జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం. 2005లో కేంద్ర విద్యాశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టాయి. పాఠాల్లోని బొమ్మల మీద, మాటల మీద గొడవ లేచింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ వంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీకి వెళ్ళింది. దానికి అధ్యక్షులు మన నెల్లూరు జిల్లాకు చెందిన ఎం. వెంకయ్యనాయుడు గారు. బడుల్లో లైంగిక విద్య వద్దనీ, ఎయిడ్స్ వంటి అధ్యాయాలు ఇంటర్ స్థాయికి ముందు వద్దనీ, అవి జీవశాస్త్రంలో ఉంటే చాలనీ 2009లో ఆ కమిటీ సిఫారసు చేసింది.

ఇంటర్ దాకా ఆగమన్నారు. మన పేటల్లో ఇంటర్ దాకా చేరేది ఎంతమంది? పదో తరగతి తప్పి కట్టడం పనికి పోయే అబ్బాయి, పదహారుకే పెళ్ళి చేసి పంపే అమ్మాయి ఆ పాఠం ఎప్పుడు వింటారు? అక్కడ మొత్తం తలుపు మూశారు. అనుమతి కాగితం అదే తలుపును ఒక్కొక్క బిడ్డకు విడివిడిగా మూస్తుంది.

సంతకం ఎవరు పెట్టరు?

పాఠాలకు గట్టిగా అడ్డు చెప్పే తల్లిదండ్రులు కొద్దిమందే. కాగితాలు తిరిగి రాకపోవడానికి కారణాలు వేరే. తండ్రి బెంగళూరులో అపార్టుమెంటు పనిలో ఉంటాడు. తల్లి తెల్లవారకముందే పాచిపనికి వెళుతుంది. ఇక రాష్ట్రం బయట ఉన్న మన తెలుగువాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. కాగితం చెన్నైలో తమిళంలో, బరంపురంలో ఒడియాలో, సోలాపూర్‌లో మరాఠీలో వస్తుంది. పిల్లవాడు ఆ భాషలో చదువుతున్నాడు, తల్లికి ఆ లిపి రాదు. చదవలేని కాగితం మీద సంతకం పెట్టడానికి పేదవాడు భయపడతాడు. ఆ భయం అతనికి అనుభవం నేర్పింది. అంటే ఈ నియమం వల్ల చదువుకున్న ఇంటి పిల్లలు క్లాసులో, కూలివాడి పిల్లలు వరండాలో. ఇది సామాజిక న్యాయం ప్రశ్న కాదంటారా?

అసలు తల్లిదండ్రులే లేని పిల్లల సంగతి? 2017లో వచ్చిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అందులో 32వ సెక్షన్ చదివినప్పుడు నాకు ఆ అక్కే గుర్తొచ్చింది. ఎయిడ్స్ బారిన పడిన కుటుంబాన్ని నెట్టుకొస్తున్న బిడ్డకు పన్నెండేళ్ళు నిండి, తగిన అవగాహన ఉంటే చాలు. తమ్ముణ్ణి బడిలో చేర్చడానికి, వైద్యం చేయించడానికి, బ్యాంకు పనులు చూడడానికి సంరక్షకుడిగా నిలబడవచ్చని చట్టం ఒప్పుకుంది. పన్నెండేళ్ళ పిల్ల తమ్ముడి కోసం సంతకం పెట్టగలదని దేశం నమ్మింది. అదే పిల్ల తన తల్లిని తీసుకుపోయిన జబ్బు గురించి వినాలంటే మాత్రం ఇంకొకరి సంతకం తెచ్చుకోవాలా?

ఇక చెప్పడానికి కష్టమైన మాట. పిల్లల మీద అఘాయిత్యం చేసేవాడు ఎక్కడో చీకటి సందులో ఉంటాడని మనం అనుకుంటాం. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల్లో పిల్లలపై అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు బిడ్డకు తెలిసినవాడే. ఇంటివాడు, బంధువు, పక్కింటివాడు, నమ్మకంగా వచ్చిపోయేవాడు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో పిల్లలను అడిగి నివేదిక ఇచ్చింది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పినవాళ్ళు సగానికి పైగా ఉన్నారు. అలాంటప్పుడు ఇంటి సంతకమే తాళంచెవి అయితే, కొన్ని ఇళ్ళలో ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నట్టు?

తామారు తండ్రి

మన ప్రసంగాల్లో దాదాపు వినిపించని అధ్యాయం ఒకటుంది, సమూయేలు రెండవ గ్రంథం 13వ అధ్యాయం. అమ్నోను జబ్బు నటించి, చెల్లెలు తామారును తన ఇంటికి పంపమని తండ్రినే అడిగాడు. దావీదు కబురు పెట్టి పంపించాడు. తామారు ఆ గుమ్మం దాటింది తండ్రి అనుమతితోనే. ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. తండ్రి కోపం తెచ్చుకున్నాడు గాని ఏమీ చేయలేదు. అన్న అబ్షాలోము ఆమెను మౌనంగా ఉండమన్నాడు.

దావీదు చెడ్డ తండ్రి అని నేను అనడం లేదు. దేవుని హృదయానుసారుడైన మనిషికి కూడా తన ఇంట్లో ఏం జరుగుతోందో తెలియలేదని అంటున్నాను. ఆ ఇంట్లో ధైర్యంగా 'వద్దు' అన్నది తామారు ఒక్కతే. ఆ తర్వాత ఆమె మాట వినేవాళ్ళే లేకపోయారు. మన పిల్లలకు ఆ 'వద్దు' అనే మాట నేర్పాలి. అన్న తర్వాత వినే ఒక టీచరు, ఒక ఫోన్ నంబరు, ఒక చట్టం ఉన్నాయని కూడా నేర్పాలి. ఆ పాఠానికి అనుమతి అడిగే హక్కు ఏ ఇంటికీ లేదు.

భయం అబద్ధం కాదు

తల్లిదండ్రుల భయాన్ని నేను తీసిపారేయను. పాఠం వింటే పిల్లలు చెడిపోతారని కొందరు అంటారు. యునెస్కో 2009లో ఇచ్చిన, 2018లో సవరించిన మార్గదర్శకాలు అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి చెప్పింది వేరు. సరైన పాఠం పిల్లలను తొందరపెట్టదు. పైగా జాగ్రత్త నేర్పుతుంది. మీరు వద్దన్నంత మాత్రాన మీ బిడ్డ నేర్చుకోకుండా ఉంటాడా? చేతిలో మొబైల్ ఉంది. అది ఎవరి సంతకమూ అడగదు.

పాఠం మన విశ్వాసానికి విరుద్ధంగా ఉంటుందేమో అన్న భయం ఇంకొకటి. ఇది మనకే కొత్త కాదు. డెన్మార్కులో బడిలో తప్పనిసరి చేసిన లైంగిక విద్య తమ క్రైస్తవ విశ్వాసానికి విరుద్ధమని కొందరు తల్లిదండ్రులు యూరోపు మానవ హక్కుల కోర్టుకు వెళ్ళారు. 1976లో కోర్టు వాళ్ళ వాదన ఒప్పుకోలేదు. విషయాన్ని ఉన్నదున్నట్టు, ఒక మతాన్నో నమ్మకాన్నో రుద్దకుండా చెప్పినంతవరకు తల్లిదండ్రుల హక్కుకు భంగం లేదంది. ఇంగ్లండులో 2020 నుంచి ఇంకో దారి తొక్కారు. అక్కడి హైస్కూళ్ళలో సంబంధాల గురించి, ఆరోగ్యం గురించి పాఠాలు అందరికీ తప్పనిసరి. లైంగిక విద్య భాగం నుంచి మాత్రం బిడ్డను తప్పించమని తల్లిదండ్రులు అడగవచ్చు. అయితే పదహారేళ్ళు నిండడానికి మూడు టర్ముల ముందు నుంచి, వింటానంటే బిడ్డ మాటకే విలువ. అడ్డు చెప్పాలనుకున్నవాళ్ళు వచ్చి చెప్పాలి. ఏమీ చెప్పనివాళ్ళ పిల్లలు లోపలే ఉంటారు. ఇది చాలా పెద్ద తేడా.

మన సుప్రీంకోర్టు కూడా 2025 అక్టోబరులో, లైంగిక విద్య తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా చిన్న వయసు నుంచే ఉండాలని అంది. ఆ మాట రేపు పాఠ్యపుస్తకంలోకి వచ్చినప్పుడు మన సంఘాలు, మన మిషన్ స్కూళ్ళు ఎటు నిలబడతాయి?

నేను అడిగేది ఇది. అనుమతి కాగితం బదులు ఆహ్వానం కాగితం పంపండి. అది ఇంటి భాషలో ఉండాలి. తెలుగు ఇంటికి తెలుగులో. పాఠానికి ముందు ఒక సాయంత్రం, కూలిపని వదిలే వేళకు, తల్లిదండ్రులను పిలిచి పుస్తకం చేతికిచ్చి చూపించండి. ప్రశ్నలు అడగనివ్వండి. శరీరం మార్పులు, మంచి తాకుడు చెడ్డ తాకుడు, హెచ్‌ఐవి ఎలా వస్తుంది ఎలా రాదు, ఆపద వస్తే ఎవరికి చెప్పాలి అనే నాలుగూ ప్రతి బిడ్డకూ, మినహాయింపు లేకుండా. మిగతా భాగంలో మనసు ఒప్పని తల్లిదండ్రులు వచ్చి చెబితే గౌరవించండి, కానీ పెద్ద తరగతుల్లో బిడ్డను కూడా అడగండి.

మన ఇంటి పని

"ఇవన్నీ లోకస్థుల సమస్యలు, మనకెందుకు?" అనే సహోదరులకు ఒక మాట. ముంబయిలో కామాఠిపుర పేరు ఎక్కడిదో తెలుసా? నిజాం రాజ్యం నుంచి కట్టడం పనులకు వెళ్ళిన తెలుగు కామాఠీలది. పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన మనవాళ్ళ పేరు మీదే ఆ పేట ఉంది. 2023 అంచనాల ప్రకారం దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్‌ఐవితో జీవిస్తున్నారు. సంఖ్యలో ముందున్న మూడు రాష్ట్రాలు మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. మన జనం పుట్టిన నేల, వలస వెళ్ళిన నేల అవే. వీళ్ళలో మన పాటల పుస్తకం పట్టుకునే చేతులు లేవని ఎవరు చెప్పగలరు?

కాపరులారా, పోక్సో చట్టం 2012 ప్రకారం పిల్లల మీద నేరం జరిగిందని తెలిసి చెప్పకపోవడం నేరం. ఆ బాధ్యత నుంచి పాస్టరుకు మినహాయింపు లేదు. సంఘం పరువు కోసం సర్దిచెప్పే పని మానుకుందాం. సండే స్కూల్ టీచర్లకు ముందు మనమే శిక్షణ ఇప్పిద్దాం. దేహాన్ని దేవుడు చేసి మంచిదిగా చూశాడని ఆదికాండముతో మొదలుపెడితే, ఈ పాఠం చెప్పడానికి మనకంటే తగినవాళ్ళు ఎవరున్నారు?

తల్లిదండ్రులారా, మీ హక్కును ఎవరూ లాక్కోవడం లేదు. బడి కంటే ముందు మీరే చెప్పండి. అదే అసలైన హక్కు. చెప్పలేకపోతే చెప్పేవాళ్ళకు అడ్డు నిలబడకండి.

యౌవనస్థులారా, అడగడం పాపం కాదు. ఎయిడ్స్ గురించి సందేహం ఉంటే 1097కు, ఎవరైనా మీతో తప్పుగా ప్రవర్తిస్తే 1098కు ఫోన్ చేయండి. మా దగ్గరికీ రండి. ఈసారి రాయి వేయం.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ఒక ఫ్యాక్టరీలో పని చేసుకుంటున్నాడు. కిందటేడు కలిసినప్పుడు, "అయ్యగారూ, ఆ మూడు రోజులు లోపల ఏం చెప్పారండీ?" అని అడిగాడు. పన్నెండేళ్ళు మోశాడు ఆ ప్రశ్నను. చర్చి మెట్ల మీద కూర్చుని నాకు తెలిసినంత చెప్పాను. వాళ్ళమ్మ గురించి నేను అన్న మాటకు క్షమాపణ కూడా అడిగాను. ఆ రెండూ చాలా ముందే జరగవలసినవి.